గని పక్క ఊరు: రిపోర్టులో మట్టం మారలేదు, మా బావి మాత్రం అడుగంటింది

బాయిగడ్డ | మే 19, రాత్రి 9:40

అందరికీ నమస్తే. నేను హన్మకొండలో ఉద్యోగం చేస్తుంటాను. ఊరు మాత్రం భూపాలపల్లి అవతల. మా పొలానికి కిలోమీటరున్నర దూరంలో భూగర్భ బొగ్గు గని ఉంది, పేరు ఇక్కడ అనవసరం. పొలంలో తాత తవ్వించిన ఊటబావి ఒకటి, నాన్న వేయించిన బోరు ఒకటి ఉన్నాయి. ఈ ఎండాకాలం బావి అడుగంటింది, అడుగున బండ కనిపిస్తోంది. బోరు మాత్రం ఎప్పటిలాగే పోస్తోంది.

గని పర్యావరణ అనుమతికి సంబంధించిన ఆరు నెలల రిపోర్టు నెట్‌లో దొరికింది. అందులో మా ఊరి పేరుతోనే ఒక బావి ఉంది. దాని మే నెల నీటిమట్టం ఏటా దాదాపు ఒకేలా చూపించారు. నాన్న ఆ కాగితం చూసి నవ్వి ఊరుకున్నాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఇద్దరిలో ఎవరిది నిజం? తెలిసినవాళ్లు చెప్పండి.

సూటిప్రశ్న | మే 19, రాత్రి 10:05

ఏ బావి ఎండినా గని మీదికి తోసేయడం మనకు అలవాటైపోయింది. మాది నర్సంపేట వైపు. చుట్టుపక్కల గని అనేదే లేదు, అక్కడా బావులు ఎండుతున్నాయి. 2018 జనవరి 1 నుంచి 24 గంటల ఉచిత కరెంటు వచ్చింది, ఆటో స్టార్టర్లు పెట్టి రాత్రంతా మోటార్లు వదిలేశారు. మీ బావి చుట్టూ ఎన్ని బోర్లు పడ్డాయో ముందు లెక్క చెప్పండి.

జియాలజీ_కేయూ | మే 20, ఉదయం 7:20

సూటిప్రశ్న గారి మాటలో సగం ఒప్పుకుంటాను. కానీ నర్సంపేటను భూపాలపల్లితో పోల్చకూడదు. నర్సంపేట, వరంగల్ కింద ఉన్నది నల్లరాయి, గ్రానైటు. అక్కడ నీరు పగుళ్లలోనే ఉంటుంది. భూపాలపల్లి వైపు గోదావరి లోయ గోండ్వానా పొరలు, ఎక్కువ భాగం ఇసుకరాయి. ఇక్కడ రాయి రంధ్రాల్లోనే నీరు పడుతుంది. ఒక బోరు నీళ్లు తోడితే ప్రభావం పాకే తీరు కూడా రెండు చోట్లా వేరు.

బొగ్గు ఉండేది బరాకర్ పొరల్లో. వాటి మీద బారెన్ మెజర్స్, ఆపైన కామ్తీ ఇసుకరాళ్లు. మధ్య మధ్యలో షేలు (గట్టిపడిన బురదరాయి), బంకమట్టి పొరలు వస్తాయి. వాటి గుండా నీరు అంత సులువుగా దిగదు. అందువల్ల మీ ఊటబావిలో నీరు, మీ బోరులో నీరు, గనిలోకి కారే నీరు ఒకదానికొకటి సంబంధం లేని మూడు మట్టాలు అయినా కావచ్చు.

బాయిగడ్డ గారి పోస్టులో నాకు విచిత్రంగా అనిపించింది వేరే విషయం. గని నీళ్లు తోడుతుంటే మామూలుగా ముందు తగ్గేవి లోతు పొరలు. అంటే ముందు బోరు తగ్గాలి. మీకు తిరగబడింది, బోరు బాగుంది, బావి ఎండింది. కాబట్టి మూడు ప్రశ్నలు. మీ బోరు లోతు ఎంత, కేసింగు ఎంతవరకు దింపారు? మీ పొలం కింద గాని పక్కన గాని డీపిల్లరింగ్, అంటే గనిలో వదిలిన బొగ్గు స్తంభాలు తీయడం, జరిగిందా? రిపోర్టులో ఉన్న బావి ఊళ్లో సరిగ్గా ఎక్కడుంది?

వరి_పత్తి | మే 20, ఉదయం 8:02

మా కాటారం దిక్కు కూడా ఇదే ముచ్చట. చదువుతున్నాను.

పాత పంపు ఖలాసీ | మే 20, మధ్యాహ్నం 1:15

తమ్ముడూ, నేను గనిలో పంపుల మీద పనిచేసి రిటైరయిన మనిషిని. నీళ్ల సంగతి నాకు కాగితం మీద కాదు, సంప్ దగ్గర, అంటే గనిలో నీళ్లు చేరే గుంట దగ్గర తెలుసు. బొగ్గు పొర వాలుగా ఉంటుంది. నీళ్లన్నీ డిప్ వైపు, అంటే వాలు కిందికి దిగి సంపులో చేరతాయి. అక్కడ నుంచి పెద్ద పంపులు పైకి కొడతాయి. ప్రతి షిఫ్టుకు పంపు ఎన్ని గంటలు నడిచిందో రిజిస్టరులో రాస్తాం. గని ఎంత నీరు తోడుతోందన్న లెక్క చాలా చోట్ల ఇక్కడి నుంచే పుడుతుంది. పంపు మీద గంటకు 100 ఘనమీటర్లు అని రాసి ఉంటుంది, రోజు మొత్తంలో 18 గంటలు నడిచింది, కాబట్టి 1,800 ఘనమీటర్లు. అయిపోయింది లెక్క. కానీ ఇంపెల్లర్, అదే లోపలి చక్రం, అరిగిన పంపు 100 ఎక్కడ కొడుతుంది? ఎత్తు పెరిగినకొద్దీ ఇంకా తగ్గుతుంది. ఇక ఫుట్‌వాల్వు గాలి పీల్చిన రోజు పంపు మోగుతుంది గానీ నీళ్లు రావు, గంటలు మాత్రం పడతాయి.

అయినా ఆ రిజిస్టరును తీసిపారేయకు. దాని పక్కన వాన లెక్క పెట్టి చూడు. పెద్ద వాన పడిన ఒకటి రెండు రోజుల్లోనే పంపు గంటలు ఎగిరితే నీళ్లు పై నుంచి పగుళ్ల గుండా నేరుగా దిగుతున్నట్టు. వానాకాలం ముగిసే దాకా మెల్లగా పెరిగి, మళ్లీ మెల్లగానే తగ్గితే రాతి పొర గుండా ఊరుతున్నట్టు. మా సెక్షన్‌లో పాతవాళ్లు సంప్ ముఖం చూసి ఇది చెప్పేవాళ్లు.

ఇంక్లైన్_సర్వే | మే 20, సాయంత్రం 6:48

ఖలాసీ బాబాయ్ చెప్పింది నిజం. డీపిల్లరింగ్ సంగతి నేను చెబుతా. మొదట బొగ్గులో గ్యాలరీలు, అంటే సొరంగ దారులు, తవ్వి మధ్యలో బొగ్గు స్తంభాలు వదిలేస్తారు, అప్పుడు పైకప్పు నిలబడే ఉంటుంది, నీరు ఓ మోస్తరుగానే వస్తుంది. తర్వాత స్తంభాలు తీస్తూ వెనక్కి వస్తారు. ఖాళీని ఇసుకతో నింపితే, అదే స్టోయింగ్ చేస్తే, పై నేల కొద్దిగానే కుంగుతుంది. నింపకుండా పైకప్పు కూల్చే పద్ధతి అయితే గోఫ్ (బొగ్గు తీసేసిన ఖాళీ) మీద పగుళ్ల మండలం పైకి లేస్తుంది, తీసిన బొగ్గు మందానికి ఎన్నో రెట్ల ఎత్తు దాకా పోతుంది. పని లోతుగా ఉంటే ఆ పగుళ్లు నేలదాకా రావు. లోతు తక్కువైతే పొలంలో చీలికలు కనిపిస్తాయి, వాటిని బంకమట్టితో పూడ్చాలి.

నీటిమట్టం రిపోర్టుల్లో దాదాపు ఎవరూ పట్టించుకోని మెలిక ఒకటుంది. బావిలో నీరు ఎంత లోతులో ఉందో బావి గట్టు నుంచి కొలుస్తాం. కుంగే చోట గట్టు కూడా నేలతోపాటు దిగుతుంది. నేల ఒక మీటరు కుంగింది, నీటి అసలు ఎత్తు మారలేదు అనుకోండి. నిరుడు 9 మీటర్లు వచ్చిన లోతు ఈ ఏడు 8 వస్తుంది. కాగితం మీద అది నీరు మీటరు పెరిగినట్టు! అందుకే ప్రతి బావి గట్టుకు సముద్రమట్టం నుంచి ఎత్తు కట్టాలి, కుంగే ప్రాంతానికి బయట ఉన్న బెంచ్‌మార్కు (ఎత్తు తెలిసిన స్థిర గుర్తు) నుంచి ఏటా తిరిగి లెవెలింగ్ చేయాలి, అంటే ఎత్తు కొలవాలి. రిపోర్టులో ఆ ఎత్తు కాలమ్ లేకపోతే గనికి దగ్గరగా ఉన్న బావుల అంకెలను నేను నమ్మను.

సూటిప్రశ్న | మే 20, రాత్రి 8:30

సర్వే గారూ, ఇది బాగుంది. కానీ కిలోమీటరున్నర దూరంలో నేల కుంగదు కదా?

ఇంక్లైన్_సర్వే | మే 20, రాత్రి 8:41

కుంగదు. ఆ కిలోమీటరున్నర ఎక్కడ నుంచి అన్నది అసలు ప్రశ్న. ఇంక్లైన్ (గనిలోకి దిగే వాలు దారి) నోటి నుంచా, భూమి లోపల పని జరుగుతున్న చోటు నుంచా? జనం చూసేది గేటును. లోపల ప్యానెళ్లు, అంటే బొగ్గు తీసే భాగాలు, ఏ దిక్కుకు పోయాయో గని ప్లాను చూస్తేనే తెలుస్తుంది.

బాయిగడ్డ | మే 20, రాత్రి 11:10

నేను గేటు నుంచే చెప్పాను అన్నా. లోపలి పనులు మా వైపు వచ్చాయా లేదా నాకు తెలియదు.

కేయూ సార్ అడిగినవి: బోరు నాన్న చెప్పిన లెక్కన 300 అడుగుల పైమాటే, కేసింగు వివరం గుర్తులేదట. రిపోర్టు బావి పోచమ్మ గుడి పక్కది, చెరువు కట్టకు దిగువన. ఆ చెరువులోకి గని నీళ్లు వదులుతారు. పైపులైను వేసి చాలా ఏళ్లయింది. మేలో కూడా చెరువులో నీళ్లుంటాయి, ఊళ్లో గొడ్లన్నీ అక్కడే తాగుతాయి.

జియాలజీ_కేయూ | మే 21, ఉదయం 6:55

దొరికింది! గనిలోంచి తోడిన నీరు చెరువుకు పోతోంది, చెరువు నుంచి కట్ట కిందికి ఊరుతోంది, ఆ ఊట పడే బావినే కొలుస్తున్నారు. ఆ బావి ఏటా ఒకేలా ఉండక ఏం చేస్తుంది? అంకె అబద్ధం కాదు, ఎవరూ దిద్ది రాసి ఉండకపోవచ్చు. కానీ ఆ బావి చెప్పేది చెరువు నిండుగా ఉందన్న సంగతి. గని చుట్టూ భూగర్భజలం ఎలా ఉందో చెప్పడానికి అది పనికిరాదు. మీ పొలం చెరువుకు ఎగువనా?

బాయిగడ్డ | మే 21, ఉదయం 7:30

ఎగువనే సార్. గుట్ట వైపు.

జియాలజీ_కేయూ | మే 21, ఉదయం 7:52

అయితే మీ బావికి ఆ చెరువు నీరు అందదు. మీ నాన్నా, రిపోర్టూ ఇద్దరూ నిజమే చెబుతున్నారు.

అనుమతి షరతుల్లో సాధారణంగా ఉండేది ఇది: ఉన్న బావులతోపాటు కొత్త పీజోమీటర్లు కూడా వేసి, మట్టం ఏడాదికి నాలుగుసార్లు, అంటే మే, ఆగస్టు, నవంబరు, జనవరి నెలల్లో కొలవాలి. నాణ్యత మేలో చూడాలి. గని లీజు ప్రాంతాన్ని కోర్ జోన్ అంటారు, చుట్టూ పది కిలోమీటర్ల దాకా బఫర్ జోన్. షరతు తప్పు కాదు. కాకపోతే ఊరికొక బావి చొప్పున ఎంచుకునేటప్పుడు దారి పక్కన, గుడి పక్కన, అంటే మనిషి తేలిగ్గా పోగలిగే చోట ఉన్నది ఎంచుకుంటారు. పాత ఊళ్లలో అలాంటి బావి చాలాసార్లు చెరువు కిందే ఉంటుంది.

పీజోమీటరు అంటే నీళ్లు తోడని సన్నబోరు. ఏ పొర మట్టం కావాలో ఆ పొర దగ్గరే చిల్లుల పైపు పెట్టి, మిగతా భాగం మూసేస్తారు. ఒకే చోట రెండు లోతుల్లో రెండు పీజోమీటర్లు ఉంటే సగం గొడవ అక్కడే తేలిపోతుంది. పైది నిలకడగా ఉండి కిందిది పడిపోతుంటే గని తోడకం లోతు పొరకే పరిమితం. రెండూ కలిసి పడితే, అదే ఏడాది గనికి దూరంగా అదే రాతిలో ఉన్న బావి పడకపోతే, అప్పుడు గట్టిగా అడగొచ్చు. ఆ దూరపు బావి లేకుండా వాన తక్కువైందా, గని లాగిందా, బోర్లు లాగాయా అన్నది ఎవరూ చెప్పలేరు. సూటిప్రశ్న గారి అనుమానానికి జవాబు కూడా ఆ బావి దగ్గరే దొరుకుతుంది.

ఇంకొకటి. రాష్ట్ర భూగర్భజల శాఖ నెలనెలా జిల్లా సగటు మట్టాలు ఇస్తుంది. పేపర్లలో వచ్చేవి అవే. మీ పొలం సంగతికి ఆ సగటు అక్కరకు రాదు, కానీ ఆ శాఖ పీజోమీటరు మీకు దగ్గర్లో ఎక్కడుందో కనుక్కోండి.

వరి_పత్తి | మే 21, ఉదయం 9:15

అన్నీ బాగానే ఉన్నాయి గానీ ఒక మాట. ఈ లొల్లి పెద్దదైతే గని నీళ్లు చెరువుకు ఆపేస్తే? మా దగ్గర రెండో పంట ఆ నీళ్ల మీదే. బావి ఎండినోడు ఒకడు, చెరువు కింద పారించుకునేటోళ్లు నలభై మంది. ఊళ్లో ఎవరి మాట నెగ్గుతుందో నాకు తెలుసు.

బాయిగడ్డ | మే 21, ఉదయం 9:58

నాన్న టెన్షన్ కూడా అదే కాకా. "మన బావి కోసం ఊరితో పెట్టుకుంటావా" అంటున్నాడు.

పాత పంపు ఖలాసీ | మే 21, ఉదయం 11:20

నీళ్లు ఆపడం గని చేతిలో కూడా లేదు. తోడకపోతే లోపల మనుషులు మునుగుతారు. తోడిన నీళ్లు ఎక్కడో ఒకచోట వదలాలి. 2003 జూన్‌లో గోదావరిఖని 7 ఎల్‌ఈపీ గనిలోకి నీళ్లు పొంగి 17 మంది పోయారు. ఆ తర్వాత షిఫ్టులో పంపు ఆగిందంటే మాకు గుండె ఆగినంత పనయ్యేది. పాత పనుల్లో నిలిచిన నీటికి 60 మీటర్ల లోపు పని చేయాలంటే ముందు అనుమతి కావాలి, ముందుకు బోర్లు వేసి చూసుకుంటూ పోవాలి. అందుకే పాత గోఫుల్లో నీరు ఎంత ఎత్తున నిలిచిందో గని వాళ్ల దగ్గర లెక్క ఉంటుంది. మీ బావుల లెక్కకంటే అది ఎంతో నికరంగా ఉంటుంది, ప్రాణాల మీది లెక్క కదా.

భయపడాల్సిందల్లా గని మూసిన రోజు. పంపులు ఆపితే లోపల నీరు మళ్లీ నిండుతుంది, చెరువుకు వచ్చేది ఆగిపోతుంది. నలభై మంది రైతులు ఆ రోజు గురించి ఇప్పుడే అడగాలి.

ల్యాబ్ బాటిల్ | మే 21, మధ్యాహ్నం 2:34

నీటి నాణ్యత గురించి ఎవరూ ఎత్తలేదు, అందుకే వచ్చాను. నీటి పరీక్షల ల్యాబులో పని చేస్తాను.

రిపోర్టుల్లో "పరిమితి లోపలే ఉంది" అని రాస్తారు. ఏ పరిమితి? గని నుంచి బయటికి వదిలే నీటికి ఉన్న ప్రమాణాలు వేరు: పీహెచ్ 5.5 నుంచి 9, తేలే మడ్డి లీటరుకు 100 మిల్లీగ్రాములు, నూనె-గ్రీజు 10, సీవోడీ (నీటిలోని మలినాలు రసాయనికంగా కరగడానికి పట్టే ఆక్సిజన్) 250. తాగే నీటి ప్రమాణం ఐఎస్ 10500 వేరు: పీహెచ్ 6.5 నుంచి 8.5, కరిగిన లవణాలు 500, వేరే నీరు లేకపోతే 2,000 దాకా, ఫ్లోరైడు 1, మరీ ఎక్కువంటే 1.5. మొదటి పట్టికలో పాసైన నీరు తాగడానికి పనికొస్తుందని ఎవరూ అనలేదు, మనమే అనుకుంటాం. గొడ్లు తాగే, బట్టలుతికే చెరువులో పోసే నీటికి రెండు పట్టికలూ చూడాలి.

బొగ్గు గని అనగానే ఆమ్లపు నీరు అని నెట్‌లో చదివి వస్తారు. మన దగ్గర బొగ్గులో గంధకం తక్కువ, కాబట్టి పీహెచ్ మరీ పడిపోవడం అరుదు. నేనైతే సల్ఫేటు, గట్టిదనం, ఇనుము, మొత్తం లవణాలు చూస్తాను. సల్ఫేటు ఒక రకంగా గని నీటి ఆనవాలు. చెరువులో ఎక్కువగా ఉండి, ఎగువ బావిలో తక్కువగా ఉంటే ఏ నీరు ఎక్కడిదో కొంత తెలుస్తుంది. నైట్రేటు మీద మాత్రం తొందరపడొద్దు. పేలుడు మందు నుంచి రావొచ్చు, మీ యూరియా నుంచీ రావొచ్చు, ఊళ్లో పేడదిబ్బ నుంచీ రావొచ్చు.

వాగు శాంపిల్ అయితే గని నీరు కలిసే చోటుకు పైన ఒకటి, వదిలే పైపు దగ్గర ఒకటి, కింద బాగా కలిసిన చోట ఒకటి, మూడూ ఒకే రోజు తీయాలి. వానాకాలం మోరంచ వాగు లాంటి వాగులో పై నుంచే ఎర్రమడ్డి వస్తుంది. కింద శాంపిల్ ఒక్కటే చూపి గనిని తిట్టినా, మెచ్చుకున్నా అర్థం లేదు. ఎండాకాలం మరో తిరకాసు: వాగులో సొంత నీరే ఉండదు, కింద పారేదంతా గని నీరే, పోల్చడానికి పైన చుక్క ఉండదు.

సీసాను అదే నీటితో మూడుసార్లు కడిగి నింపండి. లోహాల కోసం తీసే సీసాలో నైట్రిక్ ఆమ్లం చుక్కలు మేమే వేసిస్తాం, దాన్ని కడగొద్దు. బోరు నీరైతే మోటారు కాసేపు నడిచాక పట్టాలి. ఐస్ డబ్బాలో పెట్టి అదే రోజు ఇవ్వండి. కూల్‌డ్రింక్ సీసాలో పట్టి వారం తర్వాత తెచ్చేవాళ్లకు నా దండం.

సూటిప్రశ్న | మే 21, సాయంత్రం 5:12

సరే, నేనూ కొంచెం మెత్తబడ్డాను. గని ఎంత నీరు వదులుతోందో పంపు గంటలతో కాకుండా ఊరివాళ్లు చూసే పద్ధతేదైనా ఉందా?

ఇంక్లైన్_సర్వే | మే 21, సాయంత్రం 6:20

వీ-నాచ్ పలక. కాలువకు అడ్డంగా ఇనప రేకు, మధ్యలో 90 డిగ్రీల కోణంలో గంటు. గంటు మొన నుంచి నీరు ఎంత ఎత్తున ఉందో, పలకకు కాస్త వెనక, నీరు వాలకముందు చూడాలి. 10 సెంటీమీటర్లు ఉంటే సెకనుకు సుమారు 4.4 లీటర్లు. 20 ఉంటే సుమారు 25 లీటర్లు. ఎత్తు రెట్టింపైతే ప్రవాహం ఐదున్నర రెట్లు, అందుకే ఒక సెంటీమీటరు తప్పు చదివినా లెక్క చాలా తేడా కొడుతుంది. వెనక మడ్డి పేరుకుంటే కూడా తప్పు చూపిస్తుంది. చెరువులోకి పైపు నేరుగా పడుతుంటే పలక పెట్టే చోటు ఉండదు, అప్పుడు మీటరే గతి.

మోడరేటర్ | మే 21, సాయంత్రం 7:05

రెండు పోస్టులు తొలగించాను, అందులో ఒక అధికారి పేరు, ఫోన్ నంబరు ఉన్నాయి. మనుషుల పేర్లు వద్దు, విషయం మాట్లాడండి.

జియాలజీ_కేయూ | మే 21, రాత్రి 9:25

బాయిగడ్డ గారూ, మీరు చేయగలిగింది చెబుతా. మీ బావి, గుడి బావి, గనికి దూరంగా అదే ఇసుకరాతిలో ఎవరూ పెద్దగా తోడని మరో పాత బావి. ఈ మూడూ నెలకోసారి ఒకే రోజు పొద్దున్నే, మోటార్లు వేయకముందు కొలవండి. గట్టు మీద రంగుతో గీత పెట్టి, ఎప్పుడూ అక్కడి నుంచే కొలవాలి. గట్టు నేలకు ఎంత ఎత్తు ఉందో ఒకసారి రాసుకుని, కొలిచిన లోతులోంచి దాన్ని తీసేయండి. బావులకు బరువు కట్టిన టేపు చాలు. బోరుకు నీరు తగలగానే మోగే టేపు కావాలి, మా డిపార్ట్‌మెంటులో ఒకటి ఉంది, అడిగి చూస్తాను. పక్కన మండల వర్షపాతం రాయండి, మీ చుట్టూ ఉన్న బోర్ల సంఖ్య కూడా.

గనిని అడగాల్సింది ఒక్క కాగితంలో సరిపోతుంది: పీజోమీటర్లు ఎక్కడ, ఏ లోతులో, ఏ పొరలో ఉన్నాయి, బావుల గట్ల ఎత్తులు, నెలవారీ తోడకం, మీ పొలం వైపు డీపిల్లరింగ్ ఎప్పుడు జరిగింది. సమాచార హక్కు కింద పది రూపాయల పని. ఇందులో చెరువు నీళ్లు ఆపమని ఎక్కడా లేదు, నాన్నగారికి ఆ మాట చెప్పండి.

బాయిగడ్డ | మే 21, రాత్రి 10:48

థాంక్యూ సార్, అందరికీ. దూరపు బావి మా మేనమామ వాళ్ల ఊళ్లో ఉంది, తాగునీటి నల్లా వచ్చాక వాడటం మానేశారు. రాయి కూడా ఇదే అనుకుంటా. జూన్ 1కి తర్వాతి ఆరు నెలల రిపోర్టు రావాలి కదా, అది వచ్చాక రెండూ పక్కపక్కన పెట్టి మొదలుపెడతాను.

ఇంక్లైన్_సర్వే | మే 21, రాత్రి 10:55

రిపోర్టు కోసం ఆగకు తమ్ముడూ. జూన్ 1 అంటే పంపాల్సిన తేదీ, నెట్‌లో పెట్టేది ఎప్పుడో. రోహిణి కార్తె దగ్గరికొచ్చింది, ఒక్క గట్టి వాన పడితే ఈ ఏటి మే మట్టం మళ్లీ దొరకదు. ఈ ఆదివారమే టేపు పట్టుకుని పో.

పాత పంపు ఖలాసీ | మే 22, ఉదయం 6:10

బావిలోకి మాత్రం దిగకు. ఎండిన బావి అడుగున గాలి ఉండదు. గట్టు మీద నుంచే కొలువు, తోడుగా ఒక మనిషిని తీసుకుపో.